ఊరి నీరు, ఊరి పాలనము



మన తెలుగు పల్లెలలో చెరువు ఎవరిదని అడిగినచో ఒక్కొక్కరు ఒక్కొక్క సమాధానము చెప్పుదురు. నీటిపారుదల శాఖవారు అది ప్రభుత్వముదందురు. ఆయకట్టుదారులు తాత తండ్రుల నాటినుండి తమదందురు. పంచాయతీవారు ఊరిదందురు. వల వేయు బెస్తవారు, గొడ్లను కడుగు పసులకాపరులు, బట్టలుతుకు చాకలివారు మాకును అందులో హక్కు కలదందురు. ఇన్ని చేతులు దానికొరకు చాచబడుచున్నవి. కాని వానకాలపు రాత్రి కట్ట గండి పడనున్నదని కేక వినవచ్చినపుడు ఆ చేతులలో ఎన్ని పార పట్టుకొని ముందునకు వచ్చునన్నది వేరు ప్రశ్న. నేటి నా ప్రసంగము ఆ రెండవ ప్రశ్నను గూర్చినది.

ఊరివారు తమ నీటిని, నేలను తామే కాపాడుకొని, తమ బిడ్డలకు చెడకుండ అప్పగింపగలరా? అట్లు చేయగల ఊళ్లు ఏవి, చేయలేని ఊళ్లు ఏవి, వానికి భేదమెక్కడ కలదు? ఈ విషయమున పండితులు పుస్తకములను బట్టి గాక, పల్లెలలో నివసించి, లెక్కలు చూచి, తగవులు విని, కొంత పరిశోధన చేసియున్నారు. అందులో ముఖ్యమైన దొకటి మన రాయలసీమలోనే జరిగినది. అట్టి పరిశోధనలు మనకు ఏమి నేర్పుచున్నవో మీకు మనవి చేసెదను.

మొదట చెరువనగా నేమో చూతము. నీరు నిలిచిన పల్లము మాత్రమే చెరువు కాదు. దానికి కట్ట కావలయును, తూము కావలయును, మిగులు నీరు పోవుటకు అలుగు కావలయును. ఈ అలుగునే తెలంగాణమున మత్తడి యనియు, రాయలసీమలో మరవ యనియు అందురు. వాగునుండి నీటిని తెచ్చు కాలువ, క్రింద పండు ఆయకట్టు, ఈ అంగములన్నియు కూడి చెరువగుచున్నవి. ఇవి రాతితోను మట్టితోను కట్టినవి. వీనికంటె ముఖ్యమైనవి కంటికి కనబడని అంగములు: ఎవరి పొలమునకు ముందు నీరు, ఎవరికి తరువాత, ఎన్ని గడియలు, చాలనియేట ఎంత భూమి తడుపవలెను, పూడిక ఎవరు తీయవలెను అను కట్టుబాట్లు. చెరువు నీరు చాలనపుడు ఆయకట్టులో ఇంత భాగమే సాగు చేయవలెనని నిర్ణయించుటను తెలంగాణమున తైబందీ యందురు. కరవు నెదుర్కొనుటకు మన పెద్దలు కనిపెట్టిన సాధనములలో ఇట్టిది మిక్కిలి విలువైనది.

ఈ కట్టుబాట్లను నడపువాడు నీరటి. కొన్ని తావుల నీరుకట్టు అనియు, నీరుగంటి యనియు పిలుతురు. తూము తెరచుట, మూయుట, మడి మడికి వంతు ప్రకారము నీరు మళ్లించుట అతని పని. పంట కళ్లమునకు వచ్చినపుడు ప్రతి రైతు అతనికి కొంత ధాన్యము మేరగా కొలుచును. పలుచోట్ల ఈ నీరటికి ఆయకట్టులో సొంతభూమి ఉండదు, ఉన్నను బహు స్వల్పము. తన మడి అనునది లేనివాడు కావున పరుల మడుల నడుమ పక్షపాతమునకు అతనికి అవకాశము తక్కువ. అతని కూలి పంటలో భాగమే కావున అందరి పంటయు పండుట అతనికి లాభము. ఏ గ్రంథమును చదువని గ్రామస్థులు ఎంత చక్కని ఏర్పాటు చేసికొనిరో గమనింపుడు.

కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువు కలదు. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు దానిని త్రవ్వించి 1369లో శిలాశాసనము వేయించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరముల కాలము పట్టినవని అందు చెప్పబడినది. మంచి చెరువునకు కావలసిన 12 అంగములను, చెరువునకు రాదగని 6 దోషములను ఆ శాసనము లెక్కించినది. కట్టనుండి నీరు ఊరుట, చవిటి నేల, చెరువు నడుమ మెట్ట యుండుట అనునవి నేలకు సంబంధించిన దోషములు. తక్కిన మూడింటిని వినుడు: చెరువు రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, నీరు కొంచెమై తడుపవలసిన భూమి విస్తారమగుట, నీరు విస్తారమై భూమి కొంచెమగుట. ఈ మూడును పాలనకు సంబంధించినవి. ఒక చెరువుపై ఇద్దరు ప్రభువులున్నచో అది చెడునని, ఉన్న నీటికి మించిన ఆశ పెట్టుకొనినచో చెడునని ఆరున్నర శతాబ్దముల క్రిందటనే మనవారు రాతిపై చెక్కియుంచిరి. ఆ చెరువు నేటికిని ఉన్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దానిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడములలో చేర్చిరి.

చెరువును కట్టుట ఒక యెత్తు, నిలుపుట ఒక యెత్తు. నిలుపుటకై రాయలసీమలో దశబంధమను మాన్యము లుండెడివి. చెరువును బాగుచేయుచుండు బాధ్యతతో కొంత భూమిని అనుభవించుట దాని తాత్పర్యము. చిన్న చిన్న మరమ్మతులను ఊరివారే ఇంటికొక మనిషి చొప్పున వచ్చి చేసెడివారు. దీనిని కుడిమరామతు అనిరి. కంపెనీవారి కాలమునుండి శిస్తు వసూలు కచ్చితమైనది గాని, ఊరి చేతిలో మిగులు సొమ్ము తగ్గినది. మాన్యములు క్రమముగా ప్రభుత్వపు లెక్కలలోనికి వచ్చినవి. ఊరివారు రాకుండుట కనబడగా మద్రాసు ప్రభుత్వమువారు 1858లో నిర్బంధ శ్రమ చట్టమును చేసిరి. గట్లు తెగు ప్రమాదమున ఊరివారు పనికి రావలెననియు, వాడుక చొప్పున చేయవలసిన పని చేయనివారినుండి సొమ్ము రాబట్టవచ్చుననియు దాని సారము. తన చెరువని వచ్చువాడు పిలువకుండనే వచ్చును. చట్టమునకు వెరచి వచ్చువాడు చట్టము ఏమరినప్పుడు రాడు. అందువలన ఆ చట్టము మన చెరువులను రక్షింపజాలలేదు.

ఇక ఈ గ్రామపాలనమును గూర్చి మన దేశమున చిరకాలముగా రెండు వాదములు జరుగుచున్నవి. 1830లో సర్ చార్లెస్ మెట్‌కాఫ్ అను దొర హిందూదేశపు గ్రామములు చిన్న చిన్న ప్రజారాజ్యములని వర్ణించెను. గాంధీమహాత్ముడు గ్రామస్వరాజ్యమే నిజమైన స్వరాజ్యమని బోధించెను. దీనికి ఎదురుగా డాక్టరు అంబేద్కరు 1948 నవంబరు 4వ తేదీన రాజ్యాంగ సభలో మాటలాడుచు, గ్రామము సంకుచిత బుద్ధికిని, కులభేదములకును నిలయమని, అట్టి గ్రామమును రాజ్యాంగమునకు మూలముగా గ్రహింపకుండుట మంచిదే యని నిష్కర్షగా చెప్పెను. ఊరిబావి దగ్గరకు రానీయబడని వారి పక్షమున పలికిన మాట అది. దానిని త్రోసివేయుటకు మనకు హక్కు లేదు. గ్రామమును పొగడువారును, తెగడువారును ఉన్నారు. అసలు గ్రామములో నేమి జరుగుచున్నదో నిదానముగా చూచి చెప్పువారు మాత్రము అరుదు.

అట్టివారిలో రాబర్ట్ వేడ్ ఒకడు. ఈతడు 1970 తరువాతి దశకపు చివరి యేండ్లలోను, ఆ తరువాతను కర్నూలు జిల్లా ప్రాంతమున తిరిగి, కాలువ క్రింది గ్రామములు 31 పరిశీలించి, 1988లో ఒక గ్రంథమును ప్రకటించెను. మెట్‌కాఫ్ దొర మాటను తలపించునట్లుగా దానికి గ్రామ ప్రజారాజ్యములని పేరు పెట్టెను. అందులో ఒక ఊరికి కొత్తపల్లె యని మారుపేరుంచి దానిని విపులముగా వర్ణించెను. సుమారు 3,000 జనము గల ఆ యూరిలో ఒక పెద్దల సభ ఉండెను. ఇది ప్రభుత్వము ఏర్పరచిన పంచాయతీ కాదు. ఊరివారు తమంతట తాము ఏర్పరచుకొనినది. దానికి ఒక నిధి ఉండెను. పొలములకు కావలివారు నలుగురు ఉండిరి. కాలువ నీటిని మళ్లించి అందరి మడులకును పంచుటకు నీటికాండ్రు సుమారు డజను మంది నియమింపబడియుండిరి.

ఈ నిధికి సొమ్ము ఎక్కడిదని మీకు సందేహము కలుగవచ్చును. కోతలైన పిమ్మట పొలములలో గొఱ్ఱెల మందలను మేపుకొను హక్కును సభవారు ఇచ్చుచుండిరి. ఊరిలో సారా అమ్ముకొను హక్కునకు ప్రతిఫలము గొనుచుండిరి. ఇట్లు కూడిన సొమ్ములో సంవత్సరమునకు సుమారు 10,000 రూపాయలు వెచ్చించుచుండిరి. మగకూలి సామాన్యదినములలో 4 రూపాయలు గల కాలమది. ఆ సొమ్ముతో జీతము లిచ్చుట, బావులు బాగుచేయుట, పైరు పాడుచేయు కోతులను పట్టించుట మొదలగు పనులు చేయుచుండిరి. ఇంటింట చందా అడుగు పని లేకుండ, అందరికిని చెందిన పొలపు మేతనుండి అందరి పనికి సొమ్ము సమకూర్చుటలో గొప్ప లౌక్యజ్ఞానము కలదు.

ఇంతకంటె ముఖ్యమైనది ఒకటి కలదు. అన్ని ఊళ్లలోను ఇట్టి సభలు లేకుండెను. కాలువ మొదటనున్న ఊళ్లలో చాలవరకు లేకుండెను. కాలువ చివరనున్న ఊళ్లలో ఉండెను. మొదటి ఊళ్లకు నీరు ఎట్లును వచ్చును, కావున కలసి పాటుపడు నక్కర లేదు. చివరి ఊళ్లకు నీరు రాకడ అనుమానము. వచ్చిన కొద్ది నీటికై తమలో తాము తగవు లాడుకొనినచో ఎవరికిని పంట దక్కదు. నల్లరేగడి నేలలలో పైరులు పలు తరముల పండుటచేత పసుల మేత తగవులును అధికము. కలిసినందువలన కలుగు లాభము, కలియనందువలన కలుగు నష్టము ఎచ్చట స్పష్టముగా కన్పట్టునో అచ్చట జనులు కలిసిరి. ఒక ఊరివారు పుణ్యాత్ములు, మరియొక ఊరివారు పాపాత్ములు అని గాని, ఒక ఊరిలో కక్షలు లేవని గాని దీనికి కారణము చెప్పుటకు వీలులేదు. కక్షలున్న ఊళ్లును నీటికొరకు ఒక్కటైనవి.

ఈ పరిశోధన వలన మనకు రెండు పాఠములు తేలుచున్నవి. ఐకమత్యమును గూర్చి ఉపన్యసించి గ్రామసంఘములను పుట్టింపజాలము. కలిసినవారికి కనుపించు ఫలము దక్కునట్లు చేయవలయును. ఇది మొదటిది. రెండవది కొంత చేదైనది. ఆ సభలో కూర్చుండినవారు భూమి గలవారు. పైరును, నీటిని కాపాడుకొనుటకు ఏర్పడిన సభ అగుటచే, పైరు లేనివారి కష్టము దాని దృష్టికి అంతగా రాలేదు. అనగా గ్రామము తన్ను తాను పాలించుకొనజాలదన్నవారి మాటయు పూర్తిగా నిజము కాదు. గ్రామపాలనము అందరికిని సమముగా నుండునన్నవారి మాటయు పూర్తిగా నిజము కాదు. అంబేద్కరు శంకకు కొత్తపల్లె సమాధానము చెప్పలేదు.

ఇంతకు పూర్వము 1968లో గారెట్ హార్డిన్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు, అందరి సొత్తు ఎవరి సొత్తును కాదని, ఉమ్మడి బీడును ప్రతివాడును మేపి మేపి పాడుచేయునని వాదించెను. ప్రభుత్వమైనను స్వాధీనపరచుకొనవలెను, లేదా పంచి సొంతము చేయవలెను, ఇంతకు మించి మార్గము లేదని చాలమంది ఆ వ్యాసమునుండి గ్రహించిరి. ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషీమణి ఈ మాటను పరీక్షింప బూనెను. స్విట్జర్లాండు కొండపల్లెల బీళ్లు, జపాను గ్రామముల అడవులు, స్పెయిను దేశపు కాలువలు, ఫిలిప్పీనుల నీటిసంఘములు శతాబ్దములుగా ఉమ్మడిలోనే ఉండి చెడకుండుట చూచి, 1990లో తన గ్రంథమును ప్రకటించెను. 2009లో ఆమెకు అర్థశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. ఆ శాస్త్రమున దానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

చిరకాలము నిలిచిన సంఘములలో ఆమె కనిపెట్టిన లక్షణములు మన పల్లెవారికి వింతగా తోచవు. ఎల్లలు తేటగా నుండవలెను. నియమములు ఆ చోటి నేలకు, నీటికి తగినట్లుండవలెను. నియమమునకు లోబడువారికే నియమమును మార్చు హక్కుండవలెను. కాపలా కాయువాడు జనులకు జవాబుదారిగా నుండవలెను. తప్పు చేసినవానికి మొదట చిన్న దండన, మరల చేసినచో పెద్ద దండన ఉండవలెను. తగవు తీర్చు చోటు దగ్గరలో నుండవలెను. పై ప్రభుత్వము ఈ హక్కును మన్నింపవలెను. స్పెయినులోని వాలెన్సియా పట్టణమున నీటి న్యాయసభ గురువారమునాడు పెద్ద చర్చి వాకిట కూర్చుండి, రైతుల తగవులను నోటిమాటతోనే విచారించి తీర్పు చెప్పును. మన రచ్చబండకు అది ఎంత దగ్గర చుట్టము!

ఇక మన రాజ్యము ఏమి చేసినదో చూతము. 1959లో రాజస్థానముతోపాటు ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్యము ప్రారంభమైనది. 1992లో రాజ్యాంగమునకు 73వ సవరణ జరిగినది. అందు చేర్చిన 11వ షెడ్యూలులో పంచాయతీల కప్పగింపదగిన 29 విషయములు చెప్పబడినవి. చిన్న నీటిపారుదల, నీటి నిర్వహణము అందులో చేరియున్నవి. స్త్రీలకును, దళితులకును, గిరిజనులకును స్థానములు ప్రత్యేకింపబడినవి. అంబేద్కరు చెప్పిన దోషమునకు ఇది తొలి చికిత్స యని చెప్పవలెను. పిమ్మట 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ రైతుల నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ చట్టమును చేసినది. ఆ యేడు పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘములు ఎన్నికల మూలమున ఏర్పడినవి. ఒక్కసారిగా ఇంత విస్తారముగా రైతులకు నీటి పెత్తనము నప్పగించుట దేశమున అదియే మొదలు.

కాని ఇక్కడ పోరుమామిళ్ల శాసనము చెప్పిన దోషము మరియొక రూపమున ప్రవేశించినది. పంచాయతీ ఊరివారందరి ఓటుతో ఏర్పడునది. నీటి సంఘములో ఓటు భూమి హక్కు పత్రములలో పేరున్నవారిది. చెరువు ఒకటి, సభలు రెండు. కట్ట నీటిపారుదల శాఖవారిది, చెరువు గర్భములోని శిఖము భూమి రెవెన్యూవారి లెక్కలో నుండును, చేపల సంగతి మత్స్యశాఖవారిది. రైతు వరికి కడపటి తడికై తూము తెరువుమనును. చేపపిల్లలను వదలిన బెస్తవాడు ఇంకను కొంత నీరు నిలుపుమనును. ఈ తగవు తీర్చువాడెవడు? నోటిమాటపై కౌలు చేయువాడు నాటునది వరియే అయినను, కాగితములో పేరు లేనందున అతనికి ఆ సంఘములో మాట లేదు. అతనికి లేని మాట పశువుల కాపరికి మొదలే లేదు. రెండు రాజ్యముల పొలిమేరలోనున్న చెరువు చెడునని చెప్పిన శాసనకర్త, నాలుగు శాఖల పొలిమేరలోనున్న చెరువును చూచినచో ఏమనెడివాడో!

ఎన్నికల సంగతియు చెప్పక తీరదు. 2018లో కాలము ముగిసిన గ్రామపంచాయతీలకు ఆంధ్రప్రదేశమున 2021 వరకు ఎన్నికలు జరుగలేదు. తెలంగాణమున 2024 మొదట ముగిసినవానికి 2025 చివర గాని జరుగలేదు. నడుమ అధికారులే పాలించిరి. మడికి నీరు తప్పినచో పైరెట్లు ఎండునో, సభకు ఎన్నిక తప్పినచో అట్లే అలవాటు ఎండును. ఎండిన అలవాటు మరల చిగిర్చుటకు కాలము పట్టును.

2015 మార్చి 12వ తేదీన తెలంగాణమున మిషన్ కాకతీయ యను పేర చెరువుల పునరుద్ధరణము మొదలైనది. 46 వేలకు పైబడిన చెరువులు, కుంటలు బాగుచేయవలెనని సంకల్పించిరి. పూడిక మట్టిని రైతులు తమ ఖర్చుతో తమ చేలకు తోలుకొనిపోయిరి. ఆ మట్టి ఎరువుగా పనికివచ్చును గావున ఈ ఏర్పాటు తెలివిగలది. కష్టపడినవానికే ఫలము దక్కినది. అయితే పూడిక ఒకసారి తీసిన చాలునది కాదు. ప్రతి వానకును మట్టి వచ్చును. మరల పది, పదునైదేండ్లకు ప్రభుత్వము వచ్చి తీయునని ఊరు ఎదురు చూచుచున్నచో, బాగుపడినది చెరువు మాత్రమే, చెరువును నిలుపు ఏర్పాటు కాదు.

చెరువు ఏర్పాటును దెబ్బతీసిన మరియొక కారణము భూమి క్రింద దాగియున్నది. అది బోరుబావి. ఆయకట్టులోనే బోరు వేసికొనినవానికి తూము తెరచినను మూసినను ఒక్కటే. తైబందీ నిర్ణయించు సభకు అతడు రాడు. ఊరిలో బలము గలవారే ముందుగా బోరు వేసికొందురు గనుక, సభకు రానివారిలో వారే మొదటివారు. చెరువు నీరు కంటికి కనబడును. ఎవడు ఎంత వాడెనో పదిమందికి తెలియును. బోరు నీరు కనబడదు. 2002లో నీరు, భూమి, చెట్లను కాపాడుటకు వాల్టా చట్టమును చేసిరి. కాని భూమిలోపలి నీటిని చట్టము ఒక్కటి కాపలా కాయజాలదు.

ఈ విషయమున మన కరవు జిల్లాలలో జరిగిన ఒక ప్రయోగము ప్రపంచపు పండితుల దృష్టి నాకర్షించినది. 2003 తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబునగరు, నల్లగొండ, ప్రకాశము అను 7 జిల్లాలలో, రైతులే భూగర్భజలమును కొలుచు పథకము నడచినది. వానను కొలుచు పాత్రను ఊరిలో నుంచిరి. కొన్ని బావులలో నీటి మట్టమును రైతులే, స్త్రీలును పురుషులును, క్రమముగా కొలిచి, అందరు చూచునట్లు గోడపై వ్రాసిరి. రబీ నాట్లకు ముందు ఊరివారు కూడి, భూమిలో ఉన్న నీరెంత, వేయదలచిన పైరులకు కావలసిన నీరెంత అని లెక్క కట్టిరి. ఇంటి జమాఖర్చు వలెనే ఇది నీటి జమాఖర్చు. ఫలానా పైరు వేయరాదను శాసనము లేదు; వేయనివారికి డబ్బును లేదు. లెక్క తెలిసిన పిమ్మట వరి తగ్గించి, నీరు తక్కువగా త్రాగు పైరులకు చాలమంది మరలిరి.

ఈ కథకు రెండవ భాగము కూడ కలదు. పథకము ముగిసి, దానిని నడపిన సంస్థలు వెడలిన పిమ్మట, చాల ఊళ్లలో కొలత లాగిపోయెనని తరువాత పరిశీలించినవారు వ్రాసిరి. జ్ఞానము ఊరికి వచ్చినది. కాని ఆ జ్ఞానమును నిలుపుటకు కొత్తపల్లె నిధివంటి నిధి ఏర్పడలేదు, ఆ పని తన పనియని పంచాయతీ చేపట్టలేదు. ఏ యేర్పాటైనను మొదలుపెట్టినవారు వెడలిన పిమ్మటనే దాని బలము తెలియును.

ఇట్లు ఈ పరిశోధనలన్నియు కలిపి చూచినచో, ఊరివారు తమకు తాము వేసికొనదగిన ప్రశ్నలు కొన్ని నాకు తోచుచున్నవి. మా చెరువు శిఖము ఎల్లలు ఎక్కడివరకో ఊరిలో బడిపిల్లవానికైనను తెలియునా? తెలియనిచో ఆక్రమించువాడు ఒక్కొక్క గజము ముందునకు వచ్చును. తూము తాళము ఎవరి చేతిలో నున్నది, అతనికి జీతము ఎవరిచ్చుచున్నారు? ఊరు ఇయ్యనిచో అతడు ఊరికి జవాబు చెప్పడు. చేపల పాటవలననో, గట్టుమీది చెట్లవలననో వచ్చు రాబడిలో కొంతయైనను చెరువు నిమిత్తమే దాచబడుచున్నదా? ఆ లెక్కను ఏటికొకసారి గ్రామసభలో అందరు వినునట్లు చదువుచున్నారా? నాట్లకు ముందు నీటి జమాఖర్చు వేయుచున్నారా? కట్టకడపట, ఆ సభలో ఎవరు లేరు? కౌలుదారు, బెస్తవాడు, పసులకాపరి, దళితవాడ స్త్రీ లేనిచో, ఆ సభ చేసిన తీర్మానము ఎంత చక్కనిదైనను ఊరిదని చెప్పుటకు వీలులేదు.

ప్రభుత్వమువారికిని ఒక మనవి కలదు. ఒక చెరువునకు ఒక సభయే ఉండవలెను. అందులో భూమి గలవారికి నీటి వంతు విషయమున తగిన మాట ఉండవచ్చును. కాని చెరువు గతిని నిర్ణయించునప్పుడు దానిపై బ్రతుకు ప్రతివానికిని మాట ఉండవలెను. గ్రామపంచాయతీ ఎన్నికలు కాలము తప్పకుండ జరుగవలెను. పథకముతోపాటు దానిని తరువాత నడుపుటకు కావలసిన రాబడి మార్గమును కూడ ఊరికి చూపవలెను. అప్పగించుట యనగా బాధ్యతను మాత్రమే అప్పగించి, హక్కును, సొమ్మును దగ్గర నుంచుకొనుట కాదు.

వానలు రాబోవు దినములలో ఒక్కొక్కయేడు ఒక్కతీరుగా కురియుచున్నవి. ఒక్క రాత్రిలో నెలవాన పడుటయు, పిమ్మట నలువది దినములు చుక్క రాలకుండుటయు మనము చూచుచున్నాము. ఇట్టి కాలమున చెరువు వంటి సాధనము మనకు మఱియు అవసరము. మన పూర్వులు కట్టిన కట్టలు ఇంకను నిలిచియున్నవి. ఈ సంవత్సరము నాట్లకు ముందు మీ ఊరి చెరువు కట్టమీద పదిమంది కూర్చుండి, నేను చెప్పిన ప్రశ్నలలో ఒక్కదానినైనను చర్చించి, దానికి సమాధానమును వ్రాసి పంచాయతీ కార్యాలయపు గోడకు అంటింతురేని, నేటి నా ప్రసంగము వృథా కాలేదని తలంతును.